హెచ్.ఐ.వి. సోకకుండా ముందుగా వేసుకునే మందు: పిస్కాటవే పరిసరాల్లో ఉండేవారు ఎక్కడ, ఎలా పొందాలి

న్యూజెర్సీ రాష్ట్రం మిడిల్‌సెక్స్ కౌంటీలోని పిస్కాటవే, ఎడిసన్, న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతాలలో ఉద్యోగం, కూలి పని లేదా చదువు నిమిత్తం ఉంటున్న తెలుగువారి సౌలభ్యం కొరకు ఈ అధ్యాయం ఇవ్వబడినది. ఇది హెచ్.ఐ.వి. వచ్చినవారి చికిత్స గురించి కాదు. రాకుండా ముందే వేసుకునే మందు గురించి. దీన్ని ఇక్కడ అందరూ "ప్రెప్" అంటారు. క్లినిక్‌కు ఫోన్ చేసినా, డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఈ ఒక్క మాట అంటే చాలు, విషయం అర్థమవుతుంది.

మనవారిలో చాలామంది ఈ మందు గురించి విన్నా అడగడానికి జంకుతారు. సిగ్గు ఒక కారణం, కాని అంతకంటే పెద్ద కారణం వీసా భయం. గల్ఫ్ దేశాలకు వెళ్ళిన అన్నదమ్ములు, బంధువులు ఉన్న ఇళ్ళలో ఈ భయం మరీ ఎక్కువ. గల్ఫ్ దేశాలలో పనికి వెళ్ళేవారికి హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి, పాజిటివ్ వస్తే "అన్‌ఫిట్" అని ముద్ర వేసి పంపించేస్తారు. ఆ అనుభవంతో ఇక్కడ కూడా రక్తపరీక్ష చేయించుకుంటే పేరు ఎక్కడో ఎక్కుతుంది, గ్రీన్ కార్డు ఆగిపోతుంది అనుకుంటారు. కాబట్టి ముందు ఈ సంగతే చూద్దాం.

వీసాకు, ఈ మందుకు సంబంధం ఉందా?

అమెరికాలో కూడా ఒకప్పుడు హెచ్.ఐ.వి. ఉన్న విదేశీయులకు ప్రవేశం లేదు. 1987 నుండి ఉన్న ఆ నిషేధం 2010 జనవరి 4న తొలగించబడింది. ఆ రోజు నుండి గ్రీన్ కార్డు కోసం చేసే వైద్య పరీక్షలో హెచ్.ఐ.వి. పరీక్ష లేదు. క్షయ, సిఫిలిస్, గనేరియా పరీక్షలు మాత్రం ఉన్నాయి. హెచ్.ఐ.వి. వచ్చినవారికే అడ్డు లేనప్పుడు, రాకుండా మందు వేసుకునేవారికి అడ్డు ఎక్కడిది? ప్రెప్ వేసుకోవడం జబ్బు కాదు. పోలియో చుక్కలు వేయించుకున్నంత మాత్రాన పోలియో ఉన్నట్టు కాదు కదా.

రెండో భయం "పబ్లిక్ చార్జ్" గురించి. అంటే ప్రభుత్వంపై ఆధారపడే మనిషి అని ముద్ర పడి గ్రీన్ కార్డు నిరాకరించబడుతుందేమో అని. 2022 డిసెంబరు 23 నుండి అమలులోకి వచ్చిన నియమం ప్రకారం ముఖ్యంగా చూసేది నగదు సహాయం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం ఆస్పత్రిలోనో సంరక్షణ గృహంలోనో ఉండడం. ఉచిత రక్తపరీక్ష, సామాజిక ఆరోగ్య కేంద్రంలో తగ్గింపు ఫీజు, ఆస్పత్రిలో చారిటీ కేర్ ఆ నియమంలో లెక్కకు రావు. అయితే ఆ నియమాన్ని రద్దు చేయాలని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదన తెచ్చింది. కనుక గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు మెడికెయిడ్‌లో చేరే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక మాట అడగడం మంచిది. వాట్సప్‌లో వచ్చిన సలహా మీద ఆధారపడవద్దు. ఉద్యోగం ద్వారా వచ్చిన ఇన్సూరెన్సుతో మందు తీసుకునేవారికి ఈ బెడద అసలే లేదు. అది ప్రభుత్వ సహాయం కిందికి రాదు.

ఏమిటీ మందు?

మొదటి మందు ట్రువాడా. రోజుకు ఒక మాత్ర. దీనిని నివారణకు వాడవచ్చని ఎఫ్.డి.ఎ. 2012 జులైలో అనుమతి ఇచ్చింది. ఇందులో టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అనే రెండు మందులు ఉంటాయి. 2020 అక్టోబరు నుండి దీని జెనెరిక్ దొరుకుతోంది. చాలామందికి ఇదే సరిపోతుంది. తర్వాత 2019లో డెస్కోవీ అనే మరో మాత్ర వచ్చింది, కాని యోని ద్వారా సోకే ప్రమాదం ఉన్న స్త్రీలకు దానికి అనుమతి లేదు. రోజూ మాత్ర గుర్తుంచుకోలేనివారికి, ఇంట్లో మాత్రల సీసా ఉంచుకోలేనివారికి ఇంజక్షన్లు ఉన్నాయి: 2021 డిసెంబరులో అనుమతి పొందిన ఏప్రెట్యూడ్ రెండు నెలలకొకసారి, 2025 జూన్‌లో అనుమతి పొందిన యెజ్‌టుగో ఆరు నెలలకొకసారి. రెండోదాని అసలు పేరు లెనకాపవిర్. 2025లో దాని ప్రకటిత ధర ఏడాదికి 28,218 డాలర్లు, కాబట్టి ఇన్సూరెన్సు ఒప్పుకున్నాకే మొదలు పెట్టాలి.

ఈ మందులకు మన ఊళ్ళతో సంబంధం ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. లెనకాపవిర్‌ను 120 పేద, మధ్యస్థాయి దేశాల కోసం చౌకగా తయారు చేసేందుకు 2024 అక్టోబరులో లైసెన్సు పొందిన ఆరు కంపెనీలలో హైదరాబాదుకు చెందిన హెటిరో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. ఆ హెటిరోకు అమెరికా విభాగమైన క్యాంబర్ ఫార్మాస్యూటికల్స్ కార్యాలయం పిస్కాటవేలోనే ఉంది. అయితే ఆ చౌక లైసెన్సు అమెరికాకు వర్తించదు. మనవాళ్ళు తయారుచేస్తున్నారు కదా అని ఇక్కడ ఆ ధరకు దొరకదు.

సరిగా వాడితే లైంగిక సంబంధం ద్వారా హెచ్.ఐ.వి. సోకే అవకాశం సుమారు 99 శాతం తగ్గుతుంది. సూదుల ద్వారా సోకే అవకాశం కనీసం 74 శాతం తగ్గుతుంది. మాత్ర మొదలుపెట్టిన రోజే రక్షణ రాదు. మలద్వార సంభోగం విషయంలో సుమారు 7 రోజులు, యోని ద్వారా అయితే సుమారు 21 రోజులు క్రమం తప్పకుండా వేసుకున్నాక పూర్తి రక్షణ వస్తుంది. సిఫిలిస్, గనేరియా వంటి ఇతర సుఖవ్యాధులను, గర్భాన్ని ఇది ఆపదు. నిరోధ్ వాడకం అవసరమే.

ఎవరు అడగవచ్చు?

భార్యకో భర్తకో హెచ్.ఐ.వి. ఉన్నవారు, భాగస్వామి సంగతి సరిగా తెలియనివారు, మగవారితో సంబంధం ఉన్న మగవారు, ఒకరికంటే ఎక్కువ మందితో సంబంధం ఉన్నవారు, మత్తుమందు సూదులు పంచుకునేవారు. ఈ జాబితాలో మీరు ఏ గడిలోకి వస్తారో డాక్టరుకు చెప్పి తీరాలని లేదు. అడిగినవారికి ఇవ్వవచ్చని, కారణం చెప్పడానికి ఇష్టపడకపోయినా ఇవ్వవచ్చని సి.డి.సి. 2021 డిసెంబరు మార్గదర్శకాలలో డాక్టర్లకు స్పష్టంగా చెప్పింది. మీ ఫ్యామిలీ డాక్టరు రాయనంటే వేరొకరి దగ్గరకు వెళ్ళండి. గుళ్ళో కనిపించే డాక్టరు దగ్గరకే వెళ్ళాలని నియమం లేదు. ఓక్ ట్రీ రోడ్డు మీద సగం మందికి మిగతా సగం మంది తెలుసు. న్యూ బ్రన్స్‌విక్ రైలులో ఒక్క స్టేషను దూరమే.

మందు రాసే ముందు హెచ్.ఐ.వి. రక్తపరీక్ష తప్పనిసరి. ఇది ఫార్మాలిటీ కాదు. అప్పటికే హెచ్.ఐ.వి. ఉండి ఈ రెండు మందులే వేసుకుంటే వైరస్ వాటికి లొంగకుండా పోతుంది, తర్వాత చికిత్స కష్టమవుతుంది. ఇండియా నుండి బంధువుల చేత టెనోఫోవిర్ మాత్రలు తెప్పించుకుని సొంతంగా మొదలుపెట్టేవారు ఈ కారణం వల్లే ప్రమాదంలో పడతారు. పైగా పోస్టులో, కొరియరులో మందులు తెప్పించుకోవడం సాధారణంగా ఇక్కడి చట్టానికి విరుద్ధం. హెపటైటిస్-బి పరీక్ష కూడా చేస్తారు. అది ఉన్నవారు ఈ మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే కాలేయం దెబ్బ తినవచ్చు, కనుక డాక్టరుతో చెప్పకుండా ఆపకూడదు. మూత్రపిండాల పరీక్ష కూడా ఉంటుంది. షుగర్, బి.పి. ఉన్నవారు ఆ సంగతి దాచవద్దు. మాత్ర వేసుకునేవారికి మూడు నెలలకొకసారి మళ్ళీ హెచ్.ఐ.వి. పరీక్ష చేస్తారు. మొదటి కొద్ది వారాలు వికారం, తలనొప్పి ఉండవచ్చు, తగ్గిపోతాయి.

ఇన్సూరెన్సు ఉంటే

ఇక్కడి ఆరోగ్య చట్టం ప్రకారం, నివారణకు "ఎ" గ్రేడు ఇవ్వబడిన సేవలకు ఇన్సూరెన్సు కంపెనీ మీ దగ్గర కో-పే గాని, డిడక్టిబుల్ గాని తీసుకోకూడదు. ప్రెప్‌కు 2019 జూన్‌లో ఆ గ్రేడు వచ్చింది. మందే కాదు, దానికోసం చేసే రక్తపరీక్షలు, డాక్టరు విజిట్లు కూడా ఉచితమే అని 2021 జులైలో ప్రభుత్వం స్పష్టం చేసింది. దీనిపై నడిచిన బ్రెయిడ్‌వుడ్ కేసులో 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. చాలా పాత "గ్రాండ్‌ఫాదర్డ్" ప్లాన్లకు మాత్రం ఇది వర్తించదు. అమ్మానాన్నలకు కొనే విజిటర్ ఇన్సూరెన్సులో కూడా దీన్ని ఆశించవద్దు. జెనెరిక్ ఉండగా బ్రాండ్ ట్రువాడానే కావాలంటే డబ్బు కట్టమనవచ్చు.

అయినా బిల్లు వస్తుంది. ఇది చాలామందికి జరిగేదే. ల్యాబ్ వారు రక్తపరీక్షను మామూలు జబ్బు పరీక్షగా రాసి పంపితే కంపెనీ డిడక్టిబుల్ కింద వేస్తుంది, మీకు రెండు మూడు వందల డాలర్ల కాగితం వస్తుంది. భయపడి కట్టేయవద్దు, చెత్తబుట్టలోనూ వేయవద్దు. డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేసి, ప్రెప్ విజిట్ కోసం ఉన్న జెడ్ 29.81 కోడుతో బిల్లు తిరిగి పంపమని అడగండి. ఈ కోడు 2023 అక్టోబరు 1 నుండి వాడుకలో ఉంది. అప్పటికీ కాదంటే ఇన్సూరెన్సు కంపెనీకి లిఖితపూర్వకంగా అప్పీలు చేయవచ్చు. ఫోన్‌లో మాట్లాడిన తేదీ, మనిషి పేరు ఒక కాగితం మీద రాసుకోండి.

ఇంట్లో తెలియకుండా ఉండాలంటే

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఇన్సూరెన్సు వాడిన ప్రతిసారీ "ఇ.ఒ.బి." అనే లెక్కల కాగితం పాలసీ ఎవరి పేరున ఉందో వారికి వెళుతుంది. హెచ్-4 వీసా మీద ఉన్న భార్య మందు తీసుకుంటే కాగితం హెచ్-1బి భర్త పేరున రావచ్చు. తల్లిదండ్రుల పాలసీలో ఉన్న కుర్రాడిది తండ్రికి పోవచ్చు. భర్త ప్రవర్తన మీద అనుమానం ఉండి తనను తాను కాపాడుకోవాలనుకునే భార్యకు ఈ కాగితం వల్ల ఇంట్లో గొడవ, కొట్టడం దాకా పోవచ్చు. దీనికి దారి ఉంది. ఆరోగ్య సమాచార గోప్యత చట్టం అయిన హిపా ప్రకారం, ఈ సమాచారం వేరొకరికి తెలిస్తే నాకు ప్రమాదం అని మీరు చెబితే, మీ కాగితాలు వేరే చిరునామాకో ఈ-మెయిల్‌కో పంపమన్న సబబైన కోరికను ఇన్సూరెన్సు కంపెనీ ఒప్పుకోవాలి. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి "కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్" కావాలని అడగండి. మందు తీసుకోవడానికి ముందే అడగండి, తర్వాత కాదు. వారు ఫారం పంపుతారు, నింపి ఇవ్వాలి. ఆన్‌లైన్ ఖాతా పాస్‌వర్డు భర్తకు తెలిస్తే ఆ సంగతి కూడా చూసుకోవాలి. కాగితం ఆగినా స్క్రీను మీద కనిపించవచ్చు. అంత నమ్మకం లేనివారు ఇన్సూరెన్సు వాడకుండా కింద చెప్పిన ఆరోగ్య కేంద్రంలో తీసుకోవడమే క్షేమం.

నలుగురైదుగురు బ్యాచిలర్లు ఒకే ఇంట్లో ఉండేచోట ఉత్తరం ఎవరు విప్పుతారో చెప్పలేం. పోస్టాఫీసులో పి.ఒ. బాక్సు తీసుకోవచ్చు. మందు ఇంటికి పంపే ఫార్మసీ కాకుండా, స్వయంగా వెళ్ళి తీసుకునే ఫార్మసీ ఎంచుకోండి.

యజమాని సంగతి అడిగేవారు చాలామంది. మీరు ఏ మందు వాడుతున్నారన్న వివరం చూసి ఉద్యోగ నిర్ణయాలు తీసుకునే హక్కు కంపెనీకి లేదు. హెచ్.ఐ.వి. ఉన్నవారిని ఉద్యోగంలో వివక్షతో చూడడాన్ని న్యూజెర్సీ వివక్ష నిరోధక చట్టం నిషేధించింది. మన పాస్‌పోర్టు రెన్యువల్ ఫారంలో కూడా ఆరోగ్య వివరాలు అడగరు.

ఇన్సూరెన్సు లేకపోతే

పెట్రోలు బంకులు, మోటళ్ళు, రెస్టారెంట్లు, గిడ్డంగులలో పనిచేసేవారికి, బెంచ్ మీద ఉండి ఇన్సూరెన్సు లేనివారికి ఉన్న మొదటి దారి సామాజిక ఆరోగ్య కేంద్రాలు. ఇవి కేంద్ర ప్రభుత్వ నిధులతో నడుస్తాయి. డబ్బు లేదని ఎవరినీ వెనక్కు పంపకూడదన్నది వీటి నియమం. మనకు దగ్గరలో న్యూ బ్రన్స్‌విక్‌లోని ఎరిక్ బి. చాండ్లర్ హెల్త్ సెంటర్ ఉంది, ఇది రట్‌గర్స్ రాబర్ట్ వుడ్ జాన్సన్ మెడికల్ స్కూలుకు అనుబంధం. పెర్త్ ఆంబోయ్‌లో జ్యూయిష్ రినైసెన్స్ మెడికల్ సెంటర్ ఉంది. పేరు చూసి సంకోచించవద్దు, అన్ని మతాలవారినీ చూస్తారు. ఫీజు మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. పేదరిక రేఖకు లోపు ఉన్నవారికి నామమాత్రం, దానికి రెండింతల వరకు తగ్గింపు. 2025లో ఆ రేఖ ఒక్క మనిషికి ఏడాదికి 15,650 డాలర్లు, నలుగురి కుటుంబానికి 32,150. ఇది ఏటా మారుతుంది. జీతం కాగితాలు, చిరునామా రుజువు తీసుకుని వెళ్ళండి. చేతికి నగదుగా జీతం వచ్చేవారు ఆ సంగతే చెప్పండి, దానికి వేరే ఫారం ఉంటుంది. ఈ కేంద్రాలు మందులను ప్రత్యేక తగ్గింపు ధరకు కొంటాయి కనుక, వారి ద్వారా మందు తీసుకోవడం బయటికంటే చౌక కావచ్చు.

న్యూ బ్రన్స్‌విక్‌లో 1985 నుండి పనిచేస్తున్న హయసింత్ సంస్థ కూడా ఉంది. హెచ్.ఐ.వి. పరీక్ష, ప్రెప్ విషయంలో ఎక్కడికి వెళ్ళాలో, ఏ ఫారం నింపాలో వారు చేయి పట్టి నడిపిస్తారు. రట్‌గర్స్ విద్యార్థులు న్యూ బ్రన్స్‌విక్‌లోని హర్టాడో కేంద్రంలో గాని, పిస్కాటవేలో ఉన్న బుష్-లివింగ్‌స్టన్ హెల్త్ సెంటర్‌లో గాని అడగవచ్చు.

మెడికెయిడ్‌ను ఇక్కడ ఎన్.జె. ఫ్యామిలీ కేర్ అంటారు. హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్న పెద్దలకు సాధారణంగా ఇది రాదు. గ్రీన్ కార్డు వచ్చిన పెద్దలు కూడా మామూలుగా ఐదేళ్ళు ఆగాలి. అర్హత ఉన్నవారికి ప్రెప్ ఇందులో వస్తుంది. రాష్ట్రానికి ఎ.డి.డి.పి. అనే మందుల పథకం కూడా కలదు, కాని అది ఇప్పటికే హెచ్.ఐ.వి. ఉన్నవారికి. ఈ రెండింటినీ కలిపి గందరగోళ పడేవారు ఉన్నారు. ఇవి కాక బ్రాండ్ మందుల కంపెనీల సొంత సహాయ పథకాలు ఉంటాయి, క్లినిక్ సిబ్బంది దరఖాస్తు చేసి పెడతారు. ఏదీ కుదరకపోతే జెనెరిక్ మాత్రను డిస్కౌంట్ కూపనుతో నెలకు కొద్ది పదుల డాలర్లకు ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. ఒక్కచోట అడిగి ఊరుకోవద్దు, ధర దుకాణానికి దుకాణానికి చాలా తేడా ఉంటుంది.

ఇంగ్లీషు సరిగా రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రిటర్" అని అడగండి. ఫోన్‌లో దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. రూమ్‌మేటును, చుట్టాన్ని దుబాసీగా తీసుకువెళ్ళవద్దు. అడగవలసిన ప్రశ్నలు వారి ఎదుట అడగలేరు, మీరూ చెప్పలేరు.

జరగవలసింది జరిగిపోతే

నిన్న రాత్రో మొన్నో ప్రమాదం జరిగిందనుకుంటే, ప్రెప్ కోసం అపాయింట్‌మెంటు అడుగుతూ కూర్చోవద్దు. దానికి వేరే మందు ఉంది, "పెప్" అంటారు. 72 గంటల లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వేసుకోవాలి. ఎంత తొందరగా అయితే అంత మంచిది. సోమవారం దాకా ఆగుదాం అనుకోవద్దు. అత్యాచారం జరిగినా, పనిచేసేచోట వాడిన సూది గుచ్చుకున్నా ఇదే. దగ్గరలో ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఇన్సూరెన్సు లేకపోయినా, వీసా గడువు ముగిసినా ఎమర్జెన్సీలో చూడాలని 1986 నాటి కేంద్ర చట్టం చెబుతుంది. తర్వాత వచ్చే ఆస్పత్రి బిల్లుకు న్యూజెర్సీ చారిటీ కేర్ కోసం దరఖాస్తు చేయవచ్చు. ఆదాయం పేదరిక రేఖకు రెండింతల లోపు ఉంటే పూర్తిగా, మూడింతల వరకు కొంత మేర తగ్గిస్తారు. పొదుపు, ఆస్తులు కూడా చూస్తారు. డాక్టరు ఫీజు విడిగా వస్తే అది ఇందులో కలవదు.

పరీక్షలో పాజిటివ్ వస్తే దానివల్ల దేశం నుండి పంపించేయరు. ఫలితం రాష్ట్ర ఆరోగ్య శాఖకు తెలియజేస్తారు, అది గోప్యంగా ఉంచబడుతుంది. రయన్ వైట్ పథకం, పైన చెప్పిన ఎ.డి.డి.పి. ద్వారా చికిత్స దొరుకుతుంది. క్రమంగా మందు వేసుకుని రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవారి నుండి లైంగికంగా ఇతరులకు సోకదు.

ఉద్యోగం పోతే, ఇండియా వెళితే

లేఆఫ్ అయితే హెచ్-1బి వారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ హడావుడిలో మందు సంగతి మరచిపోతారు. ఇన్సూరెన్సు నెలాఖరుకో, ఆ రోజుకే గాని ఆగిపోవచ్చు. కనుక ఆఖరి రోజు ఎప్పుడో హెచ్.ఆర్.ను అడిగి, ఆలోగా 90 రోజుల మందు ఇమ్మని డాక్టరును కోరండి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న కంపెనీ అయితే కోబ్రా కింద అదే ప్లాను కొనసాగించుకోవచ్చు, కాని పూర్తి ప్రీమియం, పైన రెండు శాతం మీరే కట్టాలి. లేకపోతే ఇన్సూరెన్సు పోయిన 60 రోజులలోగా గెట్ కవర్డ్ ఎన్.జె.లో కొత్త ప్లాను కొనవచ్చు. విదేశీయులకు ఇచ్చే సబ్సిడీ నియమాలు 2025లో చేసిన చట్టం వల్ల మారుతున్నాయి, కొనే ముందు అడిగి తెలుసుకోండి.

ఇండియాకు సెలవు మీద వెళ్ళేవారు మాత్రలను వాటి అసలు సీసాలోనే, పేరున్న లేబులుతో, చేతి సంచిలో పెట్టుకోవాలి. చెక్-ఇన్ పెట్టెలో వేస్తే పెట్టె తప్పిపోయినప్పుడు మందు కూడా పోతుంది. పెళ్ళి చూపులకు వెళ్ళే కుర్రాళ్ళు అక్కడ వేసుకోవడం ఇబ్బంది అని ఆపేస్తుంటారు. ఆపాలనుకుంటే ఎప్పుడు, ఎలా ఆపాలో డాక్టరును అడిగి ఆపండి. ఇండియాలో హెచ్.ఐ.వి. పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో ఉచితం.

ప్రెప్ గాని, పరీక్ష గాని ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికి న్యూజెర్సీ ఎయిడ్స్, సుఖవ్యాధుల హాట్‌లైను 1-800-624-2377. పేరు చెప్పనవసరం లేదు. ఇంట్లో హింస ఎదుర్కొంటున్న భారతీయులు న్యూయార్క్‌లోని కాన్సులేట్‌ను సంప్రదించవచ్చు. న్యూజెర్సీ దాని పరిధిలోకే వస్తుంది. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే ముందు 911కు ఫోన్ చేసి, తర్వాత కాన్సులేట్‌కు చేయండి.